డి.ఎన్.ఎ. నిపుణులకు ఏం నేర్పాలి?

(ప్రసంగ పాఠం)



డి.ఎన్.ఎ. పరీక్ష అనగానే మనకిప్పుడు ఒక ధీమా. సాక్షులు అడ్డం తిరిగినా, పెద్దమనుషులు రాజీ చేయించినా, రక్తం బొంకదు గదా అని. సీతంపేట, కురుపాం ఏజెన్సీల్లో పెళ్లాడతానని నమ్మించి, కడుపు చేసి మొహం చాటేసిన మగవాళ్ల విషయంలో ఆ ధీమా సబబే. తల్లీ, బిడ్డా, ఆ మనిషీ కళ్లెదుటే ఉంటారు. తాజా రక్తం దొరుకుతుంది. కేరళలో తలస్సేరి కోర్టుకొచ్చిన ఇలాంటి భరణం కేసులోనే హైదరాబాదు సి.సి.ఎం.బి. శాస్త్రవేత్త లాల్జీ సింగ్ పరీక్ష చేసిచ్చారు. 1991లో హైకోర్టు కూడా దాన్ని ఒప్పుకుంది.

అత్యాచారం కేసు వేరు. ఇక్కడ నమూనా తీసేది నిపుణుడు కాదు. రాత్రి డ్యూటీ డాక్టరు తీస్తాడు, నర్సు సీలు వేస్తుంది, కానిస్టేబులు బస్సులో మోసుకుపోతాడు. తడిబట్టని ప్లాస్టిక్ సంచిలో కట్టేస్తే మన వానాకాలంలో రెండు రోజులకే బూజు పడుతుంది. డి.ఎన్.ఎ. కాస్తా పాడైపోతుంది. నీడన ఆరబెట్టి కాగితం కవరులో పెట్టాలి. ఇంతే సంగతి! ఇది తెలియక పోయిన కేసుకి ఏ లాబూ ప్రాణం పోయలేదు. ఫిర్యాదు అందిన 24 గంటల్లో, స్త్రీ సమ్మతితో వైద్యపరీక్ష జరగాలని, డి.ఎన్.ఎ. కోసం ఏం తీశారో రాయాలని 2005 సవరణ చెప్పింది. 2024 జులైలో అమల్లోకొచ్చిన కొత్త చట్టమూ అదే చెబుతోంది.

ఇక లాబులో చేరినవారికి వీర్యకణాల్ని స్త్రీ కణాల నుంచి వేరుచేయడం, పి.సి.ఆర్.తో డి.ఎన్.ఎ.ని పెంచడం, ఇద్దరు ముగ్గురివి కలిసిపోతే విడదీసి చదవడం నేర్పుతారు. అది కావలసిందే. అయితే నివేదికలోని ఒక్క వాక్యం నన్ను బాధపెడుతుంది: "పురుషుని డి.ఎన్.ఎ. కనబడలేదు." అది కోర్టు మెట్లెక్కేసరికి "అత్యాచారం జరగలేదు" అయిపోతుంది. ఆమె ఎన్ని గంటలకి ఆస్పత్రికి చేరింది, స్నానం చేసిందా, బట్టలు ఉతికేసిందా? వీర్యం లేకుండానే అత్యాచారం కావచ్చని 2013 సవరణ తర్వాత చట్టమే నిర్వచిస్తోంది. కనబడకపోవడానికి ఈ కారణాలన్నీ ఉండొచ్చని నివేదికలోనే రాయడం, బోనులో నిలబడి జడ్జికి అర్థమయ్యే తెలుగులో చెప్పడం నిపుణుల శిక్షణలో భాగం కావాలి. డి.ఎన్.ఎ. కలిసిందని రాసేటప్పుడూ అంతే జాగ్రత్త కావాలి. సీలు ఎవరు వేశారో, నమూనా ఎన్నాళ్లు ఎక్కడుందో అడగని నిపుణుడి సంతకంతో అమాయకుడు జైలుకి పోవచ్చు.

మన పొరుగునే ఉన్న వాకపల్లి సంగతి మీకు తెలుసు. 2007 ఆగస్టులో పదకొండుమంది కోందు స్త్రీలు పోలీసుల మీద ఫిర్యాదు చేశారు. 2023 ఏప్రిల్‌లో విశాఖ ప్రత్యేక కోర్టు నిందితుల్ని వదిలేస్తూనే, దర్యాప్తు అధికారుల వైఫల్యాన్ని ఎత్తిచూపి, ఆ స్త్రీలకి పరిహారం ఇమ్మంది. దర్యాప్తే అలా ఉంటే లాబుకేం అందుతుంది?

శ్రీకాకుళంలోనూ, విజయనగరంలోనూ ఇప్పుడు ప్రభుత్వ వైద్యకళాశాలలున్నాయి. నర్సులకీ, హౌస్ సర్జన్లకీ, మహిళా కానిస్టేబుళ్లకీ అక్కడే శిక్షణ పెట్టమందాం. పాఠం చెప్పడానికి లాబు నిపుణులే రావాలి. వచ్చినవాళ్లు ఒక రోజు ఏజెన్సీ ఆస్పత్రిలో కూర్చుని, సవర స్త్రీ దగ్గర ఏ భాషలో సమ్మతి అడుగుతున్నారో, ఆమె వేలిముద్ర ఏ కాగితం మీద వేయిస్తున్నారో స్వయంగా చూడాలి.