వెలుగు బలము
(ఏలూరు పఠనమందిరమున చేసిన యుపన్యాసము)



కొల్లేట విశాలముగ నిదురించు నీరే యుప్పుటేటి యిఱుకున వడిగొని సాగును. లేసరు వెలుగును నట్టిదే. కొలది శక్తినైనను రెప్పపాటులో కోట్లవ వంతుకంటె తక్కువ కాలమున కుదించినచో లోహము ప్లాస్మా యగును; నక్షత్రగర్భపు స్థితి ప్రయోగశాలలో గోచరించును. కిరణమును సాగదీసి, పెంచి, మరల కుదించు నుపాయమును 1985లో చూపిన స్ట్రిక్‌లాండు, మూరూ పండితులకు 2018లో నోబెలు బహుమానము లభించెను.

2022 డిసెంబరు 5న అమెరికాలో 192 కిరణములు హైడ్రజను గుళికయున్న లక్ష్యమునకు 2.05 మెగాజౌళ్లు చేర్పగా 3.15 వెలువడెను. అయినను ఆ కిరణములను పుట్టించుటకు సుమారు 300 మెగాజౌళ్ల విద్యుత్తు వ్యయమయ్యెను. ఆ శాల యణ్వాయుధ పరిశోధనకును సాధనమే. మన హైదరాబాదు టాటా పరిశోధనాసంస్థయందును లేసరు ప్లాస్మాలపై కృషి జరుగుచున్నది.

భాష నెఱుంగని కక్షిదారుని న్యాయస్థానమున నిత్యము చూచుచున్నాను. తీర్పు తన యాస్తిపైననే. మాట మాత్రము తనకు తెలియదు. శాస్త్రము తెలుగున వినబడనిచో మన గతియు నదియే.