కడిగించని రీలు



మీ ఇంట్లో పాత ఫోటో ఆల్బమ్ ఉన్నదా? ఈ రోజుల్లో సెల్ ఫోన్‌తో ఒక్క పూటలోనే వంద ఫోటోలు తీస్తున్నాము. ఆనాడు రీలుకు 36 ఫోటోలే. క్రిస్మస్‌కు నాలుగు, పెండ్లికి పది అని లెక్క చూసుకొని తీసేవాళ్లం. స్టూడియోలో ఇచ్చి, కడిగి ఇచ్చేదాకా ఎదురుచూసేవాళ్లం. ఎవరు కళ్లు మూసుకున్నారో, ఎవరి తల సగమే పడిందో అప్పటిదాకా తెలిసేది కాదు.

1975లో మొదటి డిజిటల్ కెమెరా తయారుచేసినది కోడాక్ కంపెనీ ఇంజనీరే. డిజిటల్ కాలములో ఫిల్ము అమ్మకాలు పడిపోయి, ఆ కంపెనీయే 2012లో దివాలా రక్షణ కోరింది. కాలము అలా మారుతుంది. పాత రోజులే మంచివని నిట్టూర్చడము జ్ఞానము కాదని ప్రసంగి గ్రంథము 7వ అధ్యాయము మనలను హెచ్చరిస్తుంది. కనుక సెల్ ఫోన్‌ను తప్పుపట్టడానికి నేను ఈ మాటలు చెప్పడము లేదు.

నా జీవితములో జరిగిన ఒక సంగతి వినండి. మా నాన్నగారు ప్రభువు సన్నిధికి వెళ్లిన తరువాత ఆయన ట్రంకు పెట్టెలో ఒక రీలు దొరికింది. బ్లాక్ అండ్ వైట్ రీలు. తీశారు గాని కడిగించలేదు. ఇప్పటికీ మందులు కలిపి స్వయంగా కడిగే ఒక పెద్దాయన దగ్గరకు తీసుకెళ్లాను. "ఆశ పెట్టుకోకండి అయ్యగారూ" అన్నారాయన.

ఫిల్ము మీద వెండి లవణాల పూత ఉంటుంది. వెలుగు తగిలినప్పుడే దానిలో బొమ్మ పడుతుంది, కాని కంటికి కనబడదు. చీకటిలో మందులో ముంచితేనే బయటికి వస్తుంది. హైపోలో వేస్తేనే నిలుస్తుంది. తొందరపడి వెలుగులో తెరిస్తే అంతా పోతుంది.

36లో ఐదే వచ్చాయి, అవీ మసకగా. ఒకదానిలో కోతపండుగ నాడు మా అన్నయ్య నన్ను భుజాల మీద ఎక్కించుకొని నిలబడ్డాడు.

ఇంటి స్థలం పంపకాల దగ్గర మాట పడి, మా ఇద్దరికీ అప్పటికి రెండేళ్లుగా మాటలు లేవు. ప్రతి ఆదివారము సమాధానపడుమని సంఘానికి బోధించే నేను, సొంత అన్నతో మాట్లాడలేదు. ఆ ఫోటో తీసుకొని వెళ్లాను. చాలాసేపు చూసి, "ఆ రోజు దిగనని ఏడ్చావురా" అన్నాడు. వదిన అన్నం వడ్డించింది. స్థలం సంగతి ఆ రోజు తేలలేదు. కాని ఇద్దరం ఒకే చాప మీద కూర్చొని తిన్నాము.

ప్రియులారా, ఒకప్పుడు మన మీద పడిన ప్రేమ కనబడనంత మాత్రాన చెరిగిపోలేదు. మీరు మాట్లాడడము మానేసిన మనిషి ఎవరు? నాన్నగారు కడిగించలేకపోయిన రీలును నేను కడిగించాను. మీ రీలును మీ పిల్లలకు వదిలిపెట్టకండి. ఈ వారమే వెళ్లండి.

దేవుడు మీ కుటుంబములను సమాధానముతో నింపును గాక. ఆమేన్.