ఆటగాని మాట, ఆటగాని పుస్తకము
(గ్రంథాలయ రజతోత్సవ సభయందు చేయబడిన ఉపన్యాసము)

 

మహాభారతమున ద్రోణాచార్యుడు కురుకుమారుల కంటబడినది శాస్త్రచర్చలో గాదు, ఆటలో. బాలురు ఆడుకొనుచుండగా బంతి నూతిలో పడెను. దానిని తీయు ఉపాయము దోచక వారు నూతిచుట్టు నిలిచియుండగా, ఆ దారిని వచ్చిన పేదబ్రాహ్మణుడు తన అస్త్రవిద్యచేత బంతిని పైకి దెచ్చెను. ఆ బంతి వలననే భీష్మునకు తన మనుమలకు దగిన గురువు లభించెను. కావున ఆటను, విద్యను వేరుచేసి చూచుట పూర్వుల మార్గము గాదు.

గ్రంథాలయ సభలో హాకీ ప్రసక్తి యేల యని కొందరు ముక్కుమీద వ్రేలు వేసికొనవచ్చును. ఆట విరమించిన క్రీడాకారుడు తన జీవితమును గ్రంథముగా వ్రాసి, దానిని చేతబట్టుకొని ఊరూర సభలలో ముచ్చటించుట నేడు నగరములందు పరిపాటియైనది. అట్టి సభకు బోయినవారు సామాన్యముగా గెలుపులనే యడుగుదురు. ఎన్ని గోలులు వేసితిరి, ఎన్ని పతకములు తెచ్చితిరి అని. ఆ లెక్క పత్రికలలో నున్నదే. పత్రికలకు దొరకనిది, ఆ ఆటగాడు దప్ప అన్యుడు చెప్పజాలనిది వేరొకటి కలదు. అదియే వినదగినది. నగరపు సభకు బోలేని పల్లెవానికి ఆ సభయే పుస్తకరూపమున గ్రంథాలయమునకు నడచివచ్చును.

దీనికి నిదర్శనము ధ్యాన్‌చంద్ గ్రంథము. ఆతడు 1905 ఆగష్టు 29వ తేదీన అలహాబాదున జన్మించెను. 1922లో సామాన్య సిపాయిగా సైన్యమున జేరెను. 1928లో ఆమ్‌స్టర్‌డామ్, 1932లో లాస్ ఏంజెలెస్, 1936లో బెర్లిన్ — ఈ మూడు ఒలింపిక్ క్రీడలందును భారత హాకీజట్టు స్వర్ణపతకము గెలిచెను. మూడింటను ఆతడుండెను, మూడవదానికి నాయకుడు. 1952లో ఆతని ఆత్మకథ ‘గోల్’ అను పేర మద్రాసున వెలువడెను. కర్నూలు జిల్లా అప్పటికి మద్రాసు రాష్ట్రములోనిదే.

లాస్ ఏంజెలెస్‌లో భారతజట్టు అమెరికాపై 24 గోలులు వేసి ఒక్కటి మాత్రమే ఇచ్చిన సంగతి లోకమెరిగినదే. కాని ఆ గ్రంథమున ధ్యాన్‌చంద్ ఒక ఓటమిని గూడ దాచక చెప్పెను. 1936 జులై 17వ తేదీన, ఒలింపిక్ పోటీలకు ముందు ఆడిన సన్నాహపు ఆటలో, జర్మనీజట్టు భారతజట్టును 4–1గా ఓడించెను. ఆ రాత్రి జట్టువారికి నిద్ర పట్టలేదు. కొందరు భోజనమే ముట్టలేదు. అంతటి నాయకుడు ఆ కలతను మరుగుపరచక, జట్టులోని లోపమును గుర్తించి, భారతదేశమునుండి దారా యను ఆటగానిని పిలిపింపవలెనని కోరిన వృత్తాంతము చదువరికి గొప్ప పాఠము. దారా విమానముపై వచ్చి సెమీఫైనల్ నాటికి జట్టును గలిసికొనెను.

ఫైనల్ ఆట వాన కారణముగా ఒకదినము వెనుకబడి ఆగష్టు 15న జరిగెను. ఎదుటి జట్టు మరల జర్మనీయే. ఆటకు ముందు పంకజ్ గుప్తా త్రివర్ణపతాకమును వెలికిదీయగా ఆటగాండ్రందరు దానికి వందనము చేసి మైదానమున కేగిరి. వారు ఆడినది పరపాలనలోని దేశము పేర. మ్రొక్కినది రాబోవు దేశమునకు. పూర్వార్ధమున భారతజట్టునకు లభించినది ఒక్కటే గోలు. ఉత్తరార్ధమున ఏడు వచ్చెను. 8–1గా జయము కలిగెను. పదునొకండేండ్లకు అదే ఆగష్టు 15 దేశమున కంతటికి పండుగయైనది. ఓడిన రాత్రి కథ లేకున్న ఈ గెలుపునకు సగమే అర్థము.

తిక్కన సోమయాజియు ఇట్లే చేసెను. గాండీవధారి గెలిచిన యుద్ధములతో ఆయన భారతమును ముగింపలేదు. మౌసలపర్వమున ద్వారకాస్త్రీలను వెంటగొని వచ్చు అర్జునునకు విల్లెక్కుపెట్టుటయే కష్టమైన సంగతియు, దొంగలను అడ్డలేకపోయిన సంగతియు వ్రాసెను. వీరుని నిజముగా గౌరవించువాడు వాని సాయంకాలమును గూడ చెప్పును.

ధ్యాన్‌చంద్ 1956లో మేజరు పదవితో సైన్యమునుండి విరమించెను. ఆ యేడే పద్మభూషణము లభించెను. 1979 డిసెంబరు 3వ తేదీన ఢిల్లీ వైద్యశాలలో, సామాన్య వార్డున, కన్నుమూసెను. ఆతని జన్మదినము జాతీయ క్రీడాదినమగుటయు, 2021లో దేశపు అత్యున్నత క్రీడాపురస్కారమునకు ఆతని పేరిడుటయు ఆతడు చూడని గౌరవములు. పుస్తకము మాత్రము ఆతడుండగానే, ఆతని మాటలతోనే నిలిచెను.

హాకీ దూరదేశపు ఆట యనుకొననక్కరలేదు. చిత్తూరు సీమలోని యనమలవారిపల్లెలో బుట్టిన రజని భారత మహిళాజట్టునకు గోల్‌రక్షకురాలైనది. 2018 ఆసియా క్రీడలందు రజతపతకము గెలిచిన జట్టులో ఆమె యుండెను.

ఇక కోడుమూరు మాట. ఈ ఊరి ప్రతి చెక్కకు సర్వేనెంబరు కలదు. ఏయేట ఎవరు జొన్న వేసిరో, ఎవరు వేరుసెనగ వేసిరో అడంగలులో నున్నది. కాని ఆ నేలమీద చెడుగుడు ఆడినవారికి, కుస్తీ పట్టినవారికి, పండుగనాడు గుండెత్తి జనముచే ఔననిపించుకొన్నవారికి లెక్క లేదు. వారిలో పలువురు నేడు రచ్చకట్టపై కూర్చుండు ముదుసళ్లు. ఒక్కొక్కరు వెళ్లిపోవుచుండగా ఒక్కొక్క పుస్తకము వ్రాయబడకయే పోవుచున్నది.

కర్నూలున 1883లో జన్మించిన గాడిచర్ల హరిసర్వోత్తమరావుగారు గ్రంథాలయోద్యమమునకును వయోజనవిద్యకును తమ జీవితమును ధారవోసిరి. చదువురాని వానికిని గ్రంథాలయమున చోటుండవలెననుటయే ఆ రెంటి కలయిక.

కావున ఈ రజతోత్సవ సంవత్సరమున గ్రంథాలయము చేయదగిన పని యొకటి కలదు. ఖర్చు స్వల్పము. మంచి అట్టవేసిన లెక్కపుస్తక మొకటి, వ్రాయనేర్చిన యువకు లిద్దరు, వారమున కొక సాయంకాలము. ఒక్కొక్క వృద్ధుని పిలిచి, అరుగుమీద గౌరవముతో కూర్చుండబెట్టి, వారు చెప్పినది చెప్పినట్లు వ్రాయవలెను. మొదట అడుగవలసినది గెలిచిన పందెమును గూర్చి గాదు. “ఓడిననాడు ఇంటికెట్లు వచ్చితివి తాతా?” అని అడుగవలెను. ఆ జవాబు వ్రాసిననాడు భారతము ప్రక్కన అలమారలో నిలువదగిన పుస్తకమొకటి ఈ ఊరికి గలుగును.

స్వస్తి.