ఇంటి చదువున పిల్లల ఉత్సాహము నిలుచుటెట్లు?

(పఠనమందిర సభలో ఒక న్యాయవాది గావించిన ఉపన్యాసము)



బిడ్డలను బడికి పంపక ఇంటియొద్దనే చదివించుకొనుచున్నవారు ఈ సభలో కొందరున్నారు. అట్లు చదివింపవలయునని తలపోయుచున్నవారు మరికొందరున్నారు. నేను న్యాయవాదిని గనుక నన్ను చూచినంతనే వీరడుగు ప్రశ్న యొక్కటియే: దీనికి చట్టము సమ్మతించునా? మొదట దానికి బదులు చెప్పి, అంతకంటె కష్టమైన ప్రశ్నకు వచ్చెదను.

2009వ సంవత్సరపు విద్యాహక్కు చట్టము 2010 ఏప్రిల్ 1వ తేదీన అమలులోనికి వచ్చినది. 6 మొదలు 14 ఏండ్లవరకు గల బిడ్డలకు ఉచిత విద్య హక్కని అది చాటుచున్నది. బిడ్డను దగ్గరి పాఠశాలలో చేర్పించుట తల్లిదండ్రుల కర్తవ్యమని 10వ సెక్షను చెప్పుచున్నది. చేర్పింపని తల్లిదండ్రులకు శిక్ష మాత్రము ఆ చట్టమున లేదు. ఇంటి చదువును పేరుపెట్టి అనుమతించినదియు లేదు, నిషేధించినదియు లేదు. పరీక్షలందురా, 14 ఏండ్లు నిండినవారు జాతీయ సార్వత్రిక విద్యాపీఠము ద్వారా పదవ తరగతి పరీక్షకు కూర్చుండవచ్చును. కాబట్టి దారి ఇరుకైనను మూసికొనిపోలేదు.

ఇక రెండవ ప్రశ్న. ఇంట చదువు ఆరంభించిన తొలిమాసమున పిల్లవాడు తెల్లవారకమునుపే లేచి, పుస్తకము తెచ్చి తల్లి ఒడిలో పెట్టును. మూడవమాసము వచ్చునప్పటికి పుస్తకము కనబడినంతనే పెరటిలోనికి పారిపోవును. తల్లి గొంతు పెరుగును. తండ్రి కచేరినుండి వచ్చి గద్దించును. వీనికి చదువునందు శ్రద్ధ లేదను తీర్పు అప్పటికప్పుడే వెలువడును. ముద్దాయి చెప్పుకొనునది విన్నవారెవరు?

ఈ సాయంకాలము నేను ముద్దాయి పక్షమున మాటాడుచున్నాను. ఉత్సాహము మనము బిడ్డలో పోయునది కాదు. మూడేండ్ల పసివాడు దినమునకెన్ని ప్రశ్నలు వేయునో తల్లుల నడుగుడు. చీమలు బారుకట్టి ఏల పోవును? చంద్రుడు మనవెంట ఏల వచ్చును? ఇది పుట్టుకతో వచ్చిన సొమ్ము. దానిని పెంచుమాట అటుండ, పోగొట్టకుండుటయే మన మొదటి ధర్మము. అది పోవుట యెట్లు? బడి మానిపించి తెచ్చిన బిడ్డకొరకు మరల ఆ బడినే ఇంటికి మోసికొని వచ్చుటచేత. గంటలు వచ్చినవి, వల్లెవేతలు వచ్చినవి, మార్కులు వచ్చినవి; ఆటస్థలము రాలేదు, తోడిపిల్లలు రాలేదు. 2020 మార్చిలో మహమ్మారి కారణమున దేశమంతట బడులు మూతపడినప్పుడు ఎన్నో ఇండ్లలో జరిగినది ఇదియే గదా!

అదే చట్టమున 17వ సెక్షను గలదు. బడిలో బిడ్డను కొట్టరాదు, మనస్సును హింసింపరాదు అని అది శాసించుచున్నది. ఆ సెక్షను మన ఇంటి గడపయొద్ద ఆగిపోవును. గడప లోపల ఆ శాసనమును మనకు మనమే చేసికొనవలయును. బెత్తము మాట చెప్పనక్కరలేదు. పెదనాన్నగారి అబ్బాయితో పోల్చి చూపుటయు, అతిథుల యెదుట ఎక్కము చెప్పుమని నిలువబెట్టుటయు హింసయే. బడిలో అవమానము పొందిన బిడ్డకు ఇల్లు దిక్కు. ఇంట అవమానము పొందినవాని కెవరు దిక్కు?

మా వృత్తిలోనివాడొకడు ఈ విషయమున మనకు దారి చూపినాడు. ఆయన గిజూభాయి బధేకా. 1885లో జన్మించిన గుజరాతీయుడు. న్యాయవాదిగా పనిచేయుచు, కుమారుడు కలిగిన పిమ్మట శిశువిద్యవైపు మనస్సు మరలి, వృత్తిని విడిచి, భావనగరములోని దక్షిణామూర్తి సంస్థలో చేరినాడు. 1920లో అచ్చట బాలమందిరమును స్థాపించినాడు. మీసములున్న తల్లియని జనులాయనను పిలిచిరి. ఆయన రచించిన ‘దివాస్వప్న’మందు ఒక ఉపాధ్యాయుడు నాలుగవ తరగతిని చేపట్టును. తొలినాడు పిల్లలచేత మౌనక్రీడ ఆడింపబోయి విఫలుడగును. మరునాడు కథ నారంభించును. అల్లరి పిల్లలే దగ్గరకు జరిగి కూర్చుందురు.

ఇది మనకు క్రొత్తది కాదు. రాజు యొక్క ముగ్గురు మందబుద్ధులైన కుమారులను 6 మాసములలో నీతికోవిదులను జేసిన విష్ణుశర్మ చేతిలో నున్నది కథయే గదా! ఒక కథలో నుండి మరియొక కథ పుట్టుచుండ, మొదటిదాని ముగింపుకొరకు వినువాడు కాచుకొని యుండును. ఇంటి గురువు నేర్వవలసినది ఈ కిటుకు. పిల్లవాడు ఆవులించువరకు పాఠము సాగింపరాదు. ఇంకొక్కటి చెప్పుమని బ్రతిమాలుచున్నప్పుడే ఆపవలయును. రేపటి ఆకలి ఈనాడు మిగిల్చినదానినుండి పుట్టును.

అయిన, ఉత్సాహమున్నచో నియమమక్కరలేదని ఎవరైన అనుకొందురేమో! గాంధీమహాత్ముని ఆత్మకథను చూడుడు. జోహాన్నెస్‌బర్గులో ఆయన కుమారులను వెంటబెట్టుకొని కచేరికి నడచి పోయి వచ్చెడివారు. రానుపోను సుమారు 5 మైళ్లు. ఆ నడకలో సంభాషణమే పాఠము. దినమున కొక్క గంట యైనను క్రమము తప్పక అక్షరవిద్యకు వినియోగించియున్నచో అది ఆదర్శవిద్య యయ్యెడిదనియు, అట్లు చేయలేకపోయినందులకు తమకును, కుమారులకును విచారము మిగిలినదనియు ఆయనయే వ్రాసికొనిరి. అంతటివాని యింటనే ఇట్లు జరిగినప్పుడు మన మెంత జాగరూకులమై యుండవలయును! సంభాషణము దినమంతయు ఉండవచ్చును. ఆ గంట మాత్రము తప్పరాదు. ఆ నియమము బిడ్డకు కాదు, మనకు. క్లయింటు వచ్చినాడని, చుట్టము వచ్చినాడని తండ్రి దానిని దాటవేసిన దినమున, చదువు అంత ముఖ్యము కాదని బిడ్డ గ్రహించును.

తక్కిన దినమంతయు ఇంటిపనియే పాఠశాల. సంతకు పోవునప్పుడు పద్దు బిడ్డచేత వ్రాయింపుడు. తిరిగివచ్చి మిగిలిన చిల్లర లెక్క చెప్పనిండు. వంటయింట సోలకు గిద్దలెన్నియో కొలిచి చూడనిండు. పెరటిలో నాలుగు చిక్కుడు గింజలు పాతించి, ఏనాడు మొలచినదో, వారమున కెంత పెరిగినదో పుస్తకమున వ్రాయింపుడు. అమావాస్య మొదలు పూర్ణిమవరకు చంద్రుని రాత్రికొక బొమ్మగా గీయింపుడు. ప్రశ్న వేసినప్పుడు మీకు తెలియకున్నచో తెలియదని చెప్పి, కలిసి వెదకుదము రమ్మని ఈ పఠనమందిరమునకు తీసికొని రండు. తండ్రియు విద్యార్థియేయని చూచిన బిడ్డకు చదువు దండనగా తోచదు.

పురుషులతో ఒక్క మాట. మన యిండ్లలో ఇంటి చదువనగా అయ్య సంకల్పము, అమ్మ చాకిరియు నగుచున్నది. పొయ్యిమీద అన్నము, చంకలో చంటిబిడ్డ, ఎదుట పలక: ఈ స్థితిలో ఏ తల్లికి ఓర్పు నిలుచును? అలసిన గురువునొద్ద ఉత్సాహవంతుడైన శిష్యుడుండడు. ఒక పూట పాఠము మీరు చెప్పుడు. లేదా, ఒక పూట పొయ్యియొద్ద నిలువుడు.

తుదకొక్కటి. బడులమీద మనకు గల కోపమునకు బిడ్డను సాక్ష్యముగా నిలుపరాదు. తోడిపిల్లలతో కలిసి బడికి పోయెదనని వాడు కోరెనేని ఆ కోరికను వినవలయును. మనము గెలువవలసినది వ్యాజ్యము కాదు. వాని జ్ఞానతృష్ణ ఎండిపోకుండుటయే మనకు కావలసినది. ఇంట చదువువారు ఒంటరులై యుండరాదు గనుక, ప్రతి ఆదివారము ఉదయమున వారినందరిని ఇచ్చటికి తీసికొని రండని ప్రార్థించుచున్నాను. కథ చెప్పుటకు మాలో ఒకరుందుము. ఆటకు ముంగిలి యున్నది. పుస్తకముల బీరువాకు ఆనాడు తాళము వేయబడదు.