తర్కం చెప్పి బతికినవాడి నాలుగు మాటలు

(నవీపేటలో పెన్షనర్ల దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



"సార్ ఏ సబ్జెక్టు చెప్పేవారు?" అని ఎవరైనా అడిగితే తత్త్వశాస్త్రం అంటాను. వెంటనే "అయితే మా అమ్మాయి జాతకం చూస్తారా?" అంటారు. నిజంగా జాతకాలే చూసివుంటే నా ఇల్లు ఈపాటికి రెండంతస్తులయ్యేది! నేను చెప్పింది తర్కం, నీతిశాస్త్రం, భారతీయ దర్శనాలు. మా గురువులు తర్కాన్ని 'మంతిఖ్' అనేవారు. 1918లో ఉర్దూ మాధ్యమంతో మొదలైన ఉస్మానియాలో వాళ్ళ చదువు ఆ భాషలోనే సాగింది. నేను ఇంగ్లీషులో చదివి, తెలుగు అకాడమి పుస్తకాలు పెట్టుకొని తెలుగులో చెప్పాను. భాష ఏదైనా నా క్లాసులో బెంచీలు మాత్రం సగం ఖాళీ.

న్యాయ దర్శనంలో అనుమానానికి పాత ఉదాహరణ ఒకటుంది. కొండమీద పొగ ఉంది కనుక నిప్పు ఉంది, వంటింట్లో లాగా. మన పిల్లలకు కొండ ఎందుకు, బోధన్ శక్కర్‌నగర్ చిమ్నీ ఉండగా! ఒకసారి ఆ ఉదాహరణే చెప్పమంటే చెరకు రైతు కొడుకొకడు లేచి, "పొగ వస్తోంది, క్రషింగు మొదలైంది, మా ఇంట్లో పైసలుంటయి" అన్నాడు. మొదటి రెండూ సరే, మూడోదానికి వ్యాప్తి లేదన్నాను. అప్పులవాడు ముందే గుమ్మంలో నిలబడితే? క్లాసంతా నవ్వింది. వాడు నవ్వలేదు.

1937లో నెలకొల్పిన ఆ ఫ్యాక్టరీ 2015 డిసెంబరులో మూతబడింది. ఆ తరువాత మా పాత విద్యార్థి ఒకాయన బస్సులో కలిసి, "పొగ లేదు గద సార్, ఇగ నిప్పు గూడ లేనట్టేనా?" అని అడిగాడు. పొగ ఉంటే నిప్పు ఉన్నట్టే గాని, పొగ లేనంతమాత్రాన నిప్పు లేదనలేం. ఎర్రగా కాలిన ఇనుప గుండును నైయాయికులు ఇందుకే చెబుతారు. అదే చెప్పాను. అయితే ఆ ఇనుము ఇంకా వేడిగా ఉందో చల్లారిందో తర్కం చెప్పదు, తాకి చూడాల్సిందే. ఆయన ఉద్యోగాన్ని నా జవాబు తిరిగి తేలేదు. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు.

ఇక మన సొంత విషయం. ఈ రోజును పెన్షనర్ల దినంగా చేసింది 1982 డిసెంబరు 17న నకారా కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు. 1979 మార్చి 31కి ముందు రిటైరైనవారికి ఒక లెక్క, తరువాతివారికి మరో లెక్క పెట్టారు. ఒక వర్గాన్ని రెండుగా విభజిస్తే ఆ విభజనకు ఉద్దేశంతో సంబంధం ఉండాలని నేను మొదటి సంవత్సరం పిల్లలకు చెప్పేవాణ్ణి. కోర్టు అడిగినదీ అదే. ఆ తేదీలో అలాంటి సంబంధం కనపడలేదు, పెన్షన్ దయాభిక్ష కాదన్నది. ఈ తీర్పు వచ్చాక స్టాఫ్ రూములో "మీ సబ్జెక్టుకు పైసా విలువుందా?" అన్నవారికి జవాబు దొరికింది.

చివరగా ఒక ముసలాయన సంగతి. సుత్తనిపాతంలో బావరి అనే పండితుడు గోదావరి ఒడ్డున, అస్సక రాజ్యంలో ఉండేవాడు. ఆ రాజ్యానికి రాజధానియైన పోదనమే మన బోధన్ అని చరిత్రకారులు చాలామంది అంటారు. ఒకడు వచ్చి శపించిపోతే బావరి మనసు కలత చెందింది. వయసు నూట ఇరవై అని గ్రంథం చెబుతుంది. నడవలేడు, అందుకని పదహారుమంది శిష్యులను ప్రశ్నలతో బుద్ధుడి దగ్గరకు పంపాడు. వారిలో పింగియుడూ వృద్ధుడే. చూపు ఆనదు, చెవి సరిగా వినపడదు, ఒంట్లో సత్తువ లేదు. అయినా తెలియకుండానే పోకూడదని అంత దూరం నడిచి వెళ్ళి అడిగాడు. తిరిగి గోదావరి ఒడ్డుకు వచ్చి గురువుకు విన్నది చెప్పాడు. పరీక్షలు లేవు, మార్కులు లేవు, ఇంక్రిమెంటు అసలే లేదు.

వెనక వరుసల్లో మైకు సరిగా వినిపించనివారు దయచేసి ముందు కుర్చీల్లోకి రండి. భోజనాలకు ఇంకా అరగంట ఉందట, ఏమైనా అడగాలంటే ఇప్పుడే అడగండి.