ఆబిడ్స్ అంగడి, నిజాం కారు

హైదరాబాదు నాంపల్లి స్టేషనులో దిగి ఆబిడ్స్ దిక్కుగా నడచువారిలో, ఆ పేటకు పేరిచ్చినది ఒక అంగడియని ఎరిగినవారు కొలదిమందియే. ఆరవ నిజాం మహబూబ్ అలీఖానుకు అంతరంగిక పరిచారకుడై, ప్రభువు వస్త్రభూషణాదులను కనిపెట్టుకొనియుండిన ఆల్బర్ట్ ఆబిద్ అను ఆర్మేనియన్ ఇచ్చట దుకాణము తెరచెను. ప్రభువు విసర్జించిన వస్తువులనే తిరిగి ప్రభువునకే అమ్మెడివాడని జనశ్రుతి కూడ కలదు. నిజమెట్లున్నను, కొనువాని అభిరుచి నెరుగుటయే అతని మూలధనము.

ఆ ప్రభువే 1911లో రోల్స్‌రాయిస్ సంస్థకు ఒక కారు పురమాయించెను. ఆ కాలమున ఆ సంస్థ యంత్రమును, చట్రమును మాత్రమే నిర్మించెడిది. పైకట్టడమును కొనువాని కోరిక ననుసరించి వేరొక శిల్పశాల, ఈ కారు విషయమున లండనులోని బార్కర్ కంపెనీ, సమకూర్చెడిది. వెనుక ఆసనము సింహాసనమువలె ఎత్తుగా అమరిన ఆ పసుపువన్నె బండి నగరము చేరునప్పటికి, కోరినవాడు కీర్తిశేషుడయ్యెను. అది కుమారుడు ఉస్మాన్ అలీఖాను పాలబడెను. నేటికిని చౌమహల్లా ప్రాసాదమున దానిని చూడవచ్చును.

ఇక, కొనువాని నెరుగు ఆ విద్య నేడెట్లున్నదో చెప్పెదను. వేగమునకై నిర్మింపబడిన విదేశీ కార్లను అమ్ము ఒక షోరూమునకు, పేరేలగాని, మిత్రుని వెంట నేను పోయితిని. కొనువాడు అతడు; నేను వట్టి ప్రేక్షకుడను. ద్వారముకడ నిలిచిన యువకుని దృష్టి మొదట మిత్రుని దుమ్ముపట్టిన చెప్పులపై వ్రాలెను, పిదప ముఖముపై. ధర అడుగకమున్నే "ఇది చాల ఖరీదండీ" అనెను. తోలు ఆసనముల రంగులు, కుట్టుదారపు వన్నెలు ఎన్నియో ఎన్నుకొనవచ్చునట. కాని మంచినీళ్లు కావలయునా అని అడిగినవాడు, అద్దములు తుడుచుచున్న ముసలివాడొక్కడే.