ఖాతా వేరు, జామీను వేరు

(అగ్రరాజ్యాల వాణిజ్య సంబంధాలు, రాజకీయ మైత్రి అనే అంశంపై చేసిన ప్రసంగ పాఠం)



2025 సెప్టెంబర్ 17న రియాద్‌లో సౌదీ అరేబియా, పాకిస్తాన్ ఒక రక్షణ ఒప్పందంపై సంతకాలు చేశాయి. ఇద్దరిలో ఎవరిపై దాడి జరిగినా దానిని ఇద్దరిపైనా జరిగిన దాడిగా పరిగణిస్తామన్నది దాని సారాంశం. ఆ వార్త రాగానే మన ఫోన్లలో రెండు రకాల సందేశాలు తిరగసాగాయి. ముస్లిం ప్రపంచమంతా ఏకమవుతున్నదని ఒకటి. సౌదీ ఇక భారతదేశానికి శత్రువైపోయింది, అక్కడున్న మన పిల్లల ఉద్యోగాలు పోతాయని మరొకటి. మొదటిది ఆశ, రెండవది భయం. రెండింటికీ మూలం ఒకే పొరపాటు అవగాహన. దాని గురించే ఈ రోజు మాట్లాడదలచుకున్నాను.

సౌదీ అరేబియాతో భారతదేశ వాణిజ్యం ఏటా 4,000 కోట్ల డాలర్లకు పైబడి ఉంది. పాకిస్తాన్‌తో సౌదీ చేసే వాణిజ్యం ఇందులో చిన్న భాగం మాత్రమే. అంటే, సౌదీ పాలకులు సరుకు ఎక్కువగా ఇచ్చిపుచ్చుకునేది ఒకరితో, రక్షణకు మాట తీసుకున్నది మరొకరితో. ఇందులో వైరుధ్యమేమీ లేదు. ఆ ఒప్పందం మర్నాడు కూడా చమురు ఓడలు గుజరాత్ రేవులకు వస్తూనే ఉన్నాయి.

లాడ్ బజార్‌లో గాజుల దుకాణం నడిపే వ్యక్తిని ఊహించుకోండి. పక్క వీధి హోల్‌సేల్ వ్యాపారి దగ్గర అతనికి ఇరవై ఏళ్ళుగా ఖాతా ఉంది. ఇద్దరూ కలిసి చాయ్ తాగుతారు, ఒకరింటి పెళ్ళికి మరొకరు వెళ్తారు. రేపు ఇతనిపై పోలీసు కేసు పడి కోర్టులో జామీను ఇవ్వవలసి వస్తే, ఆ హోల్‌సేల్ వ్యాపారి వచ్చి సంతకం పెడతాడా? పెట్టవచ్చు, పెట్టకపోవచ్చు. ఖాతా ఉన్నంత మాత్రాన పెట్టి తీరాలన్న నియమం లేదు. ఖాతాలో ఇద్దరికీ రోజూ లాభం ఉంటుంది. జామీనులో సంతకం పెట్టినవాడికి లాభమేమీ ఉండదు, నష్టపోయే అవకాశం మాత్రం ఉంటుంది. దేశాల మధ్య వాణిజ్యం ఖాతా వంటిది, సైనిక మైత్రి జామీను వంటిది. ఒకదానిని చూసి రెండవదానిని ఊహించుకున్న ప్రతిసారీ మనుషులు దెబ్బతిన్నారు.

ఇది కొత్త సంగతి కాదు. 1910 ప్రాంతంలో నార్మన్ ఏంజెల్ అనే ఆంగ్ల రచయిత పుస్తకం ఐరోపా అంతటా అమ్ముడుపోయింది. దేశాల ఆర్థిక జీవితాలు ఒకదానితో ఒకటి ఎంతగా పెనవేసుకుపోయాయంటే, యుద్ధంలో గెలిచినవాడికి కూడా లాభం ఉండదని ఆయన వాదించాడు. వాదన సరైనదే. కానీ చదివినవారిలో చాలామంది, ఇక యుద్ధమే రాదని అర్థం చేసుకున్నారు. ఆనాడు బ్రిటన్ సరుకులకు జర్మనీ పెద్ద గిరాకీలలో ఒకటి. 1914 ఆగస్టు 4న అదే బ్రిటన్ అదే జర్మనీపై యుద్ధానికి దిగింది. అందుకు చూపిన కారణం, బెల్జియం తటస్థతను కాపాడతామని 1839లో లండన్‌లో చేసిన ఒప్పందం. 75 ఏళ్ళ నాటి ఒక కాగితం నిలిచింది, కోట్ల పౌండ్ల వ్యాపారం ఆగిపోయింది.

మన కాలంలో అమెరికా, చైనాలను చూడండి. 2022లో ఈ రెండు దేశాల మధ్య సరుకుల వాణిజ్యం దాదాపు 69,000 కోట్ల డాలర్లకు చేరి రికార్డు నెలకొల్పింది. అదే ఏడాది అక్టోబర్ 7న, అత్యాధునిక కంప్యూటర్ చిప్‌లు, వాటిని తయారుచేసే యంత్రాలు చైనాకు చేరకుండా అమెరికా కఠిన ఆంక్షలు విధించింది. బొమ్మలూ బట్టలూ ఫోన్లూ ఎన్నైనా కొంటాం, మీ సైన్యానికి బలమిచ్చే వస్తువును మాత్రం అమ్మబోమని దాని అర్థం. మన దేశం సంగతీ అంతే. 2020 జూన్‌లో గల్వాన్ లోయలో 20 మంది భారత సైనికులు ప్రాణాలర్పించారు. మరుసటి ఏడాదే చైనాతో మన వాణిజ్యం మొదటిసారి 10,000 కోట్ల డాలర్లు దాటింది. చైనా బొమ్మలను రోడ్డు మీద తగలబెట్టినవారి చేతుల్లోని ఫోన్లు ఎక్కడివో నేను చెప్పనక్కరలేదు.

ఇక ఇరాన్ ఉదంతాన్ని కొంత నిదానంగా పరిశీలిద్దాం. మన సమాజంలో చాలామంది దీనిని సరిగా అర్థం చేసుకోలేదు.

ఇరాన్ ఎగుమతి చేసే ముడి చమురులో అత్యధిక భాగాన్ని కొనేది చైనా. ఆంక్షల భయంతో మిగిలినవారు తప్పుకోగా, చైనా తక్కువ ధరకు కొంటూ వచ్చింది. 2021 మార్చిలో రెండు దేశాలూ 25 ఏళ్ళ సహకార ఒప్పందం కుదుర్చుకున్నాయి. 2023 మార్చి 10న బీజింగ్ వేదికగానే ఇరాన్, సౌదీ అరేబియాల మధ్య రాజీ కుదిరింది. వీటన్నిటినీ చూసి, ఇరాన్ వెనుక చైనా నిలబడి ఉందని మన వక్తలు వేదికలపై చెప్పారు. 2025 జూన్‌లో ఇజ్రాయెల్ ఇరాన్‌పై దాడి చేసింది. జూన్ 22న అమెరికా ఫోర్దో, నతంజ్, ఇస్ఫహాన్ అణుకేంద్రాలపై దాడి చేసింది. చైనా ఖండించింది. భద్రతామండలిలో మాట్లాడింది. అంతకు మించి కదలలేదు. యుద్ధం ఆగిన తరువాత చమురు కొనుగోలు యథాప్రకారం సాగింది.

రష్యా కూడా అంతే. అయితే రష్యా విషయంలో మనకు ఒప్పందాల పాఠాలే సాక్ష్యం చెబుతాయి. 2024 జూన్ 19న ప్యోంగ్‌యాంగ్‌లో పుతిన్ ఉత్తర కొరియాతో ఒక ఒప్పందంపై సంతకం చేశాడు. ఒకరిపై సాయుధ దాడి జరిగితే మరొకరు సైనిక సహాయం చేయాలని అందులోని నాలుగవ అధికరణం చెబుతుంది. ఏడు నెలల తరువాత, 2025 జనవరి 17న మాస్కోలో అదే పుతిన్ ఇరాన్‌తో మరొక ఒప్పందంపై సంతకం చేశాడు. దానికి సమగ్ర వ్యూహాత్మక భాగస్వామ్యమని ఎంతో బరువైన పేరు పెట్టారు. అందులో ఏముంది? ఒకరిపై దాడి జరిగితే, మరొకరు ఆ దాడి చేసినవాడికి సహాయం చేయరాదని ఉంది. దాడికి గురైనవాడికి సైనికంగా తోడ్పడాలని లేదు. ఇంట్లో దొంగలు పడితే నేను దొంగల పక్షాన చేరనని పొరుగువాడు మాటిచ్చినట్లు! ఉత్తర కొరియా పేద దేశం. రష్యాతో దాని వాణిజ్యం అత్యల్పం. అయినా దాని సైనికులు రష్యాలోని కుర్స్క్ ప్రాంతంలో పోరాడి చనిపోయారు. ఇరాన్ రష్యాకు డ్రోన్లు అమ్మింది, కానీ దానికి కష్టం వచ్చినప్పుడు మాస్కో నుండి సానుభూతి వచ్చింది. అందుకే, "వ్యూహాత్మక భాగస్వామి" అన్న మాట పత్రికలో కనిపించినప్పుడల్లా ఒప్పందంలో ఏముందో అడగండి. ఆ మాటను ఈనాడు దేశాలు పెళ్ళిపత్రికల్లా పంచుతున్నాయి.

జామీను పత్రంలో కూడా చిన్న అక్షరాలుంటాయి. నాటో ఒప్పందంలోని ఐదవ అధికరణం, ఒకరిపై దాడి అందరిపై దాడి అంటుంది. ఆ వెంటనే, ప్రతి సభ్యదేశం తనకు అవసరమని తోచిన చర్య తీసుకుంటుందని కూడా అంటుంది. 1949 నుండి దానిని ఆచరణలోకి తెచ్చింది ఒక్కసారే, 2001లో అమెరికాపై దాడులు జరిగినప్పుడు.

దీనికి పూర్తిగా తలకిందులైన ఉదాహరణ ఉక్రెయిన్ గొట్టపు మార్గం. 2022 ఫిబ్రవరిలో రష్యా ఉక్రెయిన్‌పై దండెత్తింది. నగరాలు కూలాయి, లక్షలాది కుటుంబాలు చెల్లాచెదరయ్యాయి. ఆ యుద్ధం సాగినంత కాలం కాకపోయినా, దాదాపు మూడేళ్ళపాటు రష్యా సహజవాయువు అదే ఉక్రెయిన్ భూమి గుండా ఐరోపాకు ప్రవహించింది. దారి ఇచ్చినందుకు రష్యా సంస్థ ఉక్రెయిన్‌కు రుసుము చెల్లించింది. 2019లో కుదిరిన అయిదేళ్ళ ఒప్పందం గడువు తీరిన తరువాతనే, 2025 జనవరి 1న ఆ ప్రవాహం ఆగింది. వాణిజ్యం ఉంటే మైత్రి ఉన్నట్లు కాదు సరే, యుద్ధం ఉంటే వాణిజ్యం లేనట్లు కూడా కాదు.

అయితే వాణిజ్యానికి రాజకీయ శక్తి అసలే లేదని నేను అనడం లేదు. అలా అంటే షిన్జియాంగ్ ముస్లింలకు జరిగినదానిని మనం అర్థం చేసుకోలేము.

2019 జూలైలో, ఉయిగుర్ ముస్లింల నిర్బంధంపై ఆందోళన వ్యక్తం చేస్తూ 22 దేశాలు ఐక్యరాజ్యసమితి మానవ హక్కుల మండలికి లేఖ రాశాయి. వాటిలో ఎక్కువ పాశ్చాత్య దేశాలే. కొద్ది రోజుల్లోనే చైనాను సమర్థిస్తూ 37 దేశాలు మరో లేఖ పంపాయి. సౌదీ అరేబియా, యుఎఇ, పాకిస్తాన్ ఆ జాబితాలో ఉన్నాయి. ఖతార్ కూడా చేరి, తరువాత తన పేరును ఉపసంహరించుకుంది. 2022 ఆగస్టు 31న ఐక్యరాజ్యసమితి మానవ హక్కుల కార్యాలయం తన నివేదికలో, అక్కడ జరిగినవి మానవాళిపై నేరాల కిందికి రావచ్చని పేర్కొన్నది. దానిపై చర్చ జరపాలన్న తీర్మానం అక్టోబర్ 6న ఓటింగ్‌కు వచ్చింది. అడిగింది శిక్ష కాదు, ఆంక్షలు కాదు, చర్చ మాత్రమే. అనుకూలంగా 17, వ్యతిరేకంగా 19 ఓట్లు పడగా, 11 దేశాలు తటస్థంగా ఉండిపోయాయి. తీర్మానం వీగిపోయింది. ఇండోనేషియా, పాకిస్తాన్, ఖతార్, యుఎఇ, కజకిస్తాన్, ఉజ్బెకిస్తాన్ వ్యతిరేకంగా ఓటు వేశాయి. మలేషియా తటస్థం. మన దేశం కూడా తటస్థమే. అనుకూలంగా ఓటు వేసిన ముస్లిం దేశం ఒక్క సోమాలియా. దాని కడుపేదరికం మనకు తెలిసిందే.

ఈ దేశాలన్నీ చైనాకు మిత్రకూటమి కాదు. ఖతార్‌లో అమెరికా వైమానిక స్థావరం ఉంది. చైనా కోసం యుద్ధం చేయమంటే వీటిలో ఒక్కటీ కదలదు. కాని చేయి ఎత్తడానికి, నోరు మూసుకోవడానికి వీటికి అయ్యే ఖర్చు తక్కువ, మాట్లాడితే పోయే వ్యాపారం ఎక్కువ. తమ జైళ్ళ గురించి రేపు ఎవరూ అడగకూడదన్న స్వార్థం కూడా అందులో కలిసింది. వాణిజ్యం తోడును కొనలేకపోయినా మౌనాన్ని కొనగలదని ఆ రోజు జెనీవాలో తేలింది. పాశ్చాత్య దేశాలు న్యాయం కోసమే ఓటు వేశాయని భ్రమించనవసరం లేదు. గాజా విషయంలో వాటిలో కొన్నింటి నోరు మూసింది వాణిజ్యం కాదు, మైత్రి. 2024 ఫిబ్రవరి 20న భద్రతామండలిలో 13 దేశాలు కాల్పుల విరమణ కోరితే, అమెరికా ఒంటరిగా వీటో చేసింది.

ఇప్పుడు మన ఇంటి సంగతికి వద్దాం. 2022లో ఒక పార్టీ అధికార ప్రతినిధి టీవీ చర్చలో ప్రవక్తను కించపరిచే వ్యాఖ్యలు చేశారు. జూన్ 5న ఖతార్, కువైట్ భారత రాయబారులను పిలిపించి నిరసన తెలిపాయి. అదే రోజు ఆ ప్రతినిధిని పార్టీ సస్పెండ్ చేసింది. దేశంలో పది రోజులు ముస్లింలు చేసిన విజ్ఞప్తికి రాని స్పందన, గల్ఫ్ నుండి వచ్చిన ఒక్క ఫోన్‌తో వచ్చిందని మనలో చాలామంది సంబరపడ్డారు. అందులో నిజం లేకపోలేదు. మరి ఆ తరువాత? జూన్ 12న ప్రయాగ్‌రాజ్‌లో బుల్డోజర్ ఒక ముస్లిం కుటుంబం ఇంటిని కూల్చింది. అందుకు ఏ రాజధానిలోనూ భారత రాయబారిని పిలిపించలేదు. యుఎఇతో కుదిరిన సమగ్ర వాణిజ్య ఒప్పందం అంతకు ముందు నెల, మే 1న అమలులోకి వచ్చింది. దానిలో ఒక్క అక్షరం కదలలేదు. అంతేకాదు, కువైట్‌లోని ఫహాహీల్‌లో అదే విషయంపై నిరసన తెలిపిన విదేశీ కార్మికులను అరెస్టు చేసి వారి దేశాలకు పంపివేస్తామని కువైట్ అధికారులు ప్రకటించారు. విదేశీయులు ధర్నాలు చేయడం అక్కడి చట్టానికి విరుద్ధం. రాయబారిని పిలిచిన చేయి, నినాదం చేసినవాడిని బయటికి పంపే చేయి ఒక్కటే.

కువైట్ పేరు చెబితే కడప, రాయచోటి, గోదావరి జిల్లాల కుటుంబాలు గుర్తుకొస్తాయి. సౌదీ, దుబాయ్ అంటే కరీంనగర్, జగిత్యాల, నిజామాబాద్. ఆ దేశాలకూ మనకూ మధ్య నడిచే ఖాతాలో చమురు ఒక పద్దు అయితే, మన పిల్లల చెమట మరొక పద్దు. సౌదీలో పాతిక లక్షలకు పైగా భారతీయులు నివసిస్తున్నారు. సౌదీ–పాక్ ఒప్పందం వల్ల వారికేమవుతుందని ఇందాక ఒక సోదరి చీటీ పంపారు. అమ్మా, ఆ ఒప్పందం జామీను పుస్తకంలోనిది. మీ అబ్బాయి వీసా ఖాతా పుస్తకంలోనిది. అక్కడ అతని అవసరం ఉన్నంత వరకు ఆ సంతకం అతని జోలికి రాదు. అతని జీతాన్ని తగ్గించగలిగేది వేరొకటి ఉంది.

2020 సెప్టెంబర్‌లో, కరోనా కాలంలో, గల్ఫ్‌కు వెళ్ళే భారతీయ కార్మికులకు నిర్ణయించిన కనీస వేతనాలను తగ్గిస్తూ ఉత్తర్వులు వచ్చాయి. వృత్తిని, దేశాన్ని బట్టి దాదాపు 30 నుండి 50 శాతం కోత. ఆ ఉత్తర్వు రియాద్ ఇచ్చింది కాదు, దోహా ఇచ్చింది కాదు, న్యూఢిల్లీలోని మన ప్రభుత్వం ఇచ్చింది. మనవాళ్ళ ఉద్యోగాలు నిలబడాలనే తగ్గించామన్నది దాని వాదన. తెలంగాణలో గల్ఫ్ కార్మికుల కోసం పనిచేసేవారు ఊరుకోలేదు. 2021లో హైదరాబాద్‌లోని హైకోర్టులో ప్రజాప్రయోజన వ్యాజ్యం వేశారు, ఎంపీల చేత పార్లమెంటులో అడిగించారు. ఆ సంవత్సరమే కేంద్రం ఆ ఉత్తర్వులను వెనక్కి తీసుకున్నది, పాత వేతనాలు తిరిగి అమలులోకి వచ్చాయి. ఆ వ్యాజ్యం వేసినవారు ఏ అరబ్ రాయబార కార్యాలయం గడపా తొక్కలేదు.